లాగ్‌బుక్కులో కొత్తిమీర

మావయ్యగారు సైకిలెక్కడం చూడాలంటే నాలుగు నిమిషాలు తీరిక ఉండాలి. ముందు సైకిల్ని గేటు ముందున్న సిమెంటు గట్టుకి ఆనిస్తారు. ఎడమచేత్తో హ్యాండిలు, కుడిచేత్తో గేటు ఊచ పట్టుకుంటారు. కుడికాలు వెనక్కి లేస్తుంది. కారియర్ దాటాలి, దాటదు. కాలు దించి, అటూ ఇటూ చూసి, ఎవరూ చూడటం లేదని నమ్మకం కుదిరాక (నేను చూస్తూనే ఉంటాను, మా కిటికీకి దోమతెర ఉంది) సైకిల్ని ఓ పక్కకి వాల్చి, ఈసారి ముందు కడ్డీ మీదుగా కాలు దాటిస్తారు. సీటు మీద కూర్చున్నాక ఒక దీర్ఘశ్వాస. సగం వ్యాయామం అక్కడికే అయిపోయినట్టు.

మావయ్యగారంటే నాకు చుట్టం కాదు. భిలాయి తెలుగువాళ్ళ చుట్టరికాల్లో సగం క్వార్టర్ల కేటాయింపుతో వచ్చినవే. పక్క క్వార్టర్లో ఉంటే మావయ్య, ఎదురు స్ట్రీట్లో ఉంటే బాబాయి. ఇంకో మాట, ఈయన ఒక్కరూ కాదు. సెక్టర్ 6లో స్ట్రీటుకొక మావయ్యగారు ఉన్నారు. సొంతూరు శ్రీకాకుళమో బొబ్బిలో పార్వతీపురమో అయి ఉంటుంది. తండ్రి ఇక్కడి ఉక్కు ప్లాంటు కట్టే రోజుల్లో రైలు దిగి ఉంటాడు. 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభించినప్పుడు జనంలో “మా నాన్న కూడా ఉన్నాడు” అని ప్రతి మావయ్యగారూ చెబుతారు. అలా చెప్పేవాళ్ళందర్నీ లెక్కేస్తే ఆ రోజు భిలాయిలో ఒక్క తెలుగువాడు కూడా ఇంట్లో ఉన్నట్టు కనపడదు.

కొడుకు, అంటే మా మావయ్యగారు, కూడా అదే ప్లాంటులో చేరారు. ఫోర్‌మన్ అయ్యారు. మొదటి ఇరవై ఏళ్ళూ డ్యూటీకి సైకిల్ మీదే వెళ్ళారు. షిఫ్టు వదిలే వేళ రోడ్డు నిండా సైకిళ్ళే. అడ్డం వచ్చిన కుక్క అవతలి పక్కకి దాటాలంటే అరగంట ఆగాల్సిందే. అప్పుడు దాన్నెవరూ వ్యాయామం అనలేదు, డ్యూటీకెళ్ళడం అన్నారు. తర్వాత స్కూటరొచ్చింది, తన కొడుకు పంపిన డబ్బుతో కారొచ్చింది, అరవైకి రిటైర్మెంటొచ్చింది. అరవై అయిదు దాటాక షుగరు, బీపీ, మోకాలు ఒకదాని వెనకొకటి డ్యూటీకి రిపోర్టు చేశాయి. ఆయన ‘సెక్టర్ నైన్’ వెళ్ళారు. మా ఊళ్ళో ఆ మాటకి ఆసుపత్రి అని అర్థం. ఫలానావారు సెక్టర్ నైన్లో ఉన్నారంటే ఇల్లు మారారని కాదు. అక్కడ డాక్టరు, “సైకిల్ తొక్కండి. ఒంటి బరువు సీటు మోస్తుంది, మోకాళ్ళకి సుఖం, గుండెకి మంచిది” అన్నాడు.

ఇరవై ఏళ్ళు ఉచితంగా చేసిన పని చీటీ మీద మందుగా రాసిచ్చేసరికి మావయ్యగారికి దానిమీద ఎక్కడలేని భక్తి పుట్టింది. ఆ సాయంత్రమే లాగ్‌బుక్కు తెరిచారు.

ఆ పుస్తకం నేను చూశాను. ‘5.20 స్టార్ట్. టైరు ప్రెషర్ సరే. నా ప్రెషర్ 138/84. సెంట్రల్ అవెన్యూలో కుక్కలు మూడు. 6.25 షట్‌డౌన్. రిమార్కు: ఎడమ మోకాల్లో శబ్దం, లూబ్రికేషన్ లోపం కావచ్చు.’ జ్వరం వస్తే ‘బ్రేక్‌డౌన్’. అత్తయ్యగారితో తగువైన రోజు ‘పవర్ సప్లై లేదు’.

మోకాలి శబ్దానికి అసలు కారణం లూబ్రికేషన్ కాదు, సీటు. మా పాతకాపులందరూ రెండు పాదాలూ నేలకి ఆనేటంత కిందికి సీటు దించుకుంటారు. భద్రతట. అలా కూర్చుంటే తొక్కిన ప్రతిసారీ మోకాలు గడ్డం దాకా లేచి, చిప్ప వెనక ఒత్తిడంతా పడుతుంది. పెడలు అట్టడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు తిన్నగా రావాలి, సీటుకి అదీ ఎత్తు. తొక్కేటప్పుడు పాదం ముందుభాగం వేస్తాం గనక మోకాలు కాస్తే వంగుతుంది. ఇది పంక్చర్లు వేసే కుర్రాడు చెబితే మావయ్యగారు వినలేదు. “రైలు పట్టాలో వెంట్రుకవాసి వంకర కంటితో పట్టీసినోణ్ణి. నాకు సీటు సెప్తావేటి?” అన్నారు. అదే మాట బెంగుళూరు నుంచి కొడుకు వీడియో పంపితే మర్నాడు సీటు లేచింది.

కొడుకు వీడియోతో ఆగలేదు. ఇరవై ఒక్క గేర్ల సైకిల్ కూడా పంపాడు. పక్షిలా ఉంది. సీటు పక్షి ముక్కులా ఉంది. ఇక్కడే కథ కొంచెం సున్నితమైన చోటికి వస్తుంది.

పది రోజులు తొక్కాక మావయ్యగారు మాట్లాడటం తగ్గించారు. టీ కొట్టు దగ్గర నిలబడే తాగుతున్నారు. ఎవరైనా బెంచీ చూపిస్తే “వద్దులే” అంటున్నారు. ఆ కొట్టు దగ్గర కూడేవాళ్ళంతా అరవై అయిదు దాటిన మగవాళ్ళే. షుగరు అంకెలు వేలంపాటలా అరుచుకుంటారు, మలబద్ధకం గురించి మైకులో చెప్పమన్నా చెబుతారు, కానీ నడుముకీ తొడకీ మధ్యనున్న ప్రదేశం దగ్గరికి రాగానే అందరూ అప్పుడే పెళ్ళైన కుర్రాళ్ళయిపోతారు. చివరికి ఆయనే గొంతు తగ్గించి, “లోయర్ డిపార్ట్‌మెంట్లో... కరెంటు రావట్లేదర్రా” అన్నారు.

నిశ్శబ్దం. తర్వాత ఇంకో పెద్దాయన టీ గ్లాసులోకి చూస్తూ, “నాకూ అంతే. నేను షుగరనుకున్నా” అన్నాడు.

అది షుగరు కాదు, ముసలితనమూ కాదు, పక్షిముక్కు. మనిషి కూర్చోవలసింది పిరుదుల కింద ఉండే రెండు ఎముకల మీద. సీటు సన్నగా ఉన్నా, దాని ముక్కు పైకి లేచినా, ఆ బరువంతా ఎముకల నడుమనున్న మెత్తని చోట పడి అక్కడి నరాన్నీ రక్తనాళాల్నీ నొక్కుతుంది. తిమ్మిరెక్కితే అది సీటు పెడుతున్న ఫిర్యాదు. ఎముకలకి సరిపడే వెడల్పుండాలి, మధ్యలో గాడి ఉంటే మంచిది, ముక్కు నేలకి సమంగా ఉండాలి, పది నిమిషాలకోసారి పెడళ్ళ మీద లేచి నిలబడాలి. అప్పటికీ తగ్గకపోతే డాక్టరుకి చెప్పాలి. టీ కొట్టుకి కాదు. మావయ్యగారు సీటు మార్చి, ప్రతి పది నిమిషాలకీ లేచి నిలబడటం మొదలెట్టారు. ఎదురొచ్చే వాకర్లు అది తమకి చేసిన మర్యాదనుకుని నమస్కారాలు పెట్టేవారు. ఈయనా పెట్టేవారు. ఒంటిచేత్తో.

అంతలో ప్రోస్టేటు రక్తపరీక్ష వచ్చింది. పీఎస్‌ఏ. పరీక్షకి ఒళ్ళు చురుగ్గా ఉండాలని ఆయన సొంత సిద్ధాంతం. కాబట్టి సైకిల్ మీదే, అదీ టాప్ గేరులో, వెళ్ళి రక్తమిచ్చారు. అంకె పైకొచ్చింది. రెండు రోజులు ఇంట్లో అన్నం లేదు. వీలునామా మాట వచ్చింది. ఊళ్ళో పాతిక సెంట్లు ఎవరికనే దగ్గర అన్నదమ్ములకి ఫోన్లు వెళ్ళాయి. డాక్టరు కాగితం చూసి ఒకటే అడిగాడు: “ఇక్కడికి ఎలా వచ్చారు?” గట్టిగా సైకిల్ తొక్కడం కూడా ఆ అంకెని పెంచొచ్చట, అందుకే పరీక్షకి ముందు రెండు రోజులు సైకిల్ ముట్టుకోవద్దంటారు. కొన్ని వారాల తర్వాత ఆటోలో వెళ్ళి మళ్ళీ ఇస్తే అంకె దిగింది. (దిగకపోతే ఆ పైన చేయవలసిన పరీక్షలు ఉన్నాయి. తప్పంతా సీటు మీదికి నెట్టి ఇంట్లో కూర్చునే విషయం కాదది.) లాగ్‌బుక్కులో ఎర్ర సిరాతో, ‘ఫాల్స్ అలారం. ఆపరేటర్ తప్పిదం.’ పాతిక సెంట్ల ఫోన్ల గురించి ఏమీ రాయలేదు.

చేతికి గడియారం చేరాక మరో గొడవ. అది నాడి చూపిస్తుంది. 220లోంచి వయసు తీసేస్తే గుండె కొట్టుకునే గరిష్ఠ వేగం వస్తుందని ఎవరో చెప్పారు. అరవై ఎనిమిది తీస్తే 152. మావయ్యగారు ఎంత తొక్కినా 98 దాటదు. “సూసేవా బాబూ, కుర్రోడి గుండె” అని వీధంతా చూపించారు. ఎదురు క్వార్టర్లో రిటైరైన మలయాళీ నర్సమ్మ ఉంటారు. ఆవిడ గడియారం చూడలేదు, మందుల డబ్బా చూశారు. మెటోప్రొలాల్. “అది బీపీ మాత్ర. గుండెని పరిగెత్తనివ్వకుండా పట్టుకునే మాత్ర. మీ గుండె కుర్రది కాదు సార్, మీ మాత్ర గట్టిది” అన్నారు. ఆ మాత్ర వేసుకునేవాళ్ళకి అంకెలు పనికిరావని, మాట్లాడగలుగుతూ పాడలేకపోతున్నంత వేగం సరైనదని చెప్పారు.

పాడటం! మావయ్యగారు సెక్టర్ 5 బాలాజీ గుడి దగ్గర ఉగాదికి హరిశ్చంద్రుడు వేసిన మనిషి. మర్నాడు తెల్లవారుజామున, మసీదులో నమాజు పిలుపు ముగియగానే, సెంట్రల్ అవెన్యూలో కాటిసీను పద్యం లేచింది. రాగం తెగకుండా సాగితే వేగం చాలనట్టు. అందుకని రాగం తెగేదాకా తొక్కుతారు, తెగ్గానే ఆగి ఊపిరి తీసుకుని మళ్ళీ శ్మశానం దగ్గర్నించి అందుకుంటారు. బైపాస్ చేయించుకుని నెమ్మదిగా నడుస్తున్న ఒక పెద్దమనిషి ఆ వారంలోనే నడక దారి మార్చుకున్నాడు.

జిలేబీ సంగతి కూడా చెప్పాలి. షుగరు మాత్రల్లో కొన్ని, గ్లిమెపిరైడ్ లాంటివి, వేసుకుని తిండి లేకుండా తొక్కితే షుగరు మరీ పడిపోయి కళ్ళు తిరగొచ్చు. జేబులో గ్లూకోజు పెట్టుకోండి అన్నాడు డాక్టరు. గ్లూకోజు జేబులో చెమటకి కరిగిపోతుందని, దాన్ని మార్కెట్లో పోహా కొట్టువాడి దగ్గర వేడివేడిగా, రెండు చుట్టలుగా, భద్రపరిచారు మావయ్యగారు. అత్తయ్యగారికి తెలియదనుకునేవారు. చొక్కా గుండీ మీద పాకం ఎండిపోయి ఉండేది.

రష్యావాళ్ళ మీద మాట పడనివ్వరు ఆయన. ప్లాంటు కట్టింది వాళ్ళ సాయంతో కదా. టాల్‌స్టాయ్ అరవై ఏడో ఏట సైకిల్ నేర్చుకున్నాడని నేను చెప్పినప్పుడు, అది కూడా భిలాయి ఒప్పందంలో భాగమైనట్టు పొంగిపోయారు. పొరపాటున రోబేర్ మార్షాన్ సంగతీ చెప్పాను. ఆ ఫ్రెంచి తాత 2017 జనవరిలో, 105 ఏళ్ళ వయసులో, గంటలో 22.547 కిలోమీటర్లు తొక్కాడు. మావయ్యగారు లాగ్‌బుక్కు తిరగేశారు. గంటకి తొమ్మిది. కాసేపాలోచించి, “ఆడికి దార్లో పోహా కొట్టు లేదు” అన్నారు.

పడటం మాత్రం రోడ్డు మీద పడలేదు. ఆ వయసువాళ్ళు వేగంగా వెళ్తూ కంటే ఆగుతూ, దిగుతూనే ఎక్కువ పడతారనుకుంటాను. గేటు దగ్గర ఆగి, కడ్డీ మీదుగా కాలు తియ్యబోయి, తీసీ తియ్యనట్టుండగా, నిలబడ్డ సైకిల్‌తో సహా మందారచెట్టులోకి వాలిపోయారు. ఎముక విరగలేదు. కానీ సైకిల్ గుండెని గట్టిపరిచినంతగా ఎముకని గట్టిపరచదు, బరువు సీటు మోస్తుంది కాబట్టి. దానికి నడవాలి, బరువులెత్తాలి, ఒంటికాలి మీద నిలబడి తూకం నేర్చుకోవాలి. డాక్టరు ఇంకోటి కూడా అన్నాడు: కడ్డీ లేని సైకిల్ కొనండి.

కడ్డీ లేని సైకిలంటే లేడీస్ సైకిలు. ప్లాంటులో నలభై మందికి పని చెప్పిన ఫోర్‌మన్ లేడీస్ సైకిల్ మీద సెక్టర్ 6లో తిరగడమా! మూడు రోజులు మౌనం. నాలుగో రోజు ముందు బుట్ట ఉన్న లేత ఊదారంగు సైకిలొకటి గేట్లోకి వచ్చింది.

“మీ అత్తకి కొన్నానురా. పెళ్ళిరోజు” అన్నారు.

అత్తయ్యగారికి సైకిల్ రాదు. పెళ్ళిరోజు ఫిబ్రవరిలో అయిపోయింది. అయినా ఆవిడ ఏమీ అనలేదు. నలభై ఏళ్ళ కాపురం.

“వాడకపోతే టైర్లు పాడైపోతాయి గదా, రోజూ ఓ చుట్టు తిప్పుతున్నాను” అన్నారాయన మర్నాడు. ఎక్కడానికి నాలుగు సెకన్లు పట్టింది. నేను కిటికీ దగ్గరికి వచ్చేలోగా వెళ్ళిపోయారు.

వారం గడిచాక అత్తయ్యగారు గేటు దగ్గర నిలబడి, “ఏవండీ, ఆ సైకిల్ నాదే గదా?” అన్నారు.

“నీదే.”

“అయితే బుట్ట కూడా నాదే. వచ్చేటప్పుడు కొత్తిమీర, అల్లం, మంచి చింతపండు దొరికితే ఓ అరకిలో. పాకం మరక లేకుండా రండి.”

అప్పట్నించీ లాగ్‌బుక్కులో కొత్త గడి ఒకటి చేరింది. ‘6.10 మార్కెట్. కొత్తిమీర రెండు కట్టలు, వాడిపోయినవి. రిజెక్టు. మళ్ళీ వెళ్ళడమైనది. అదనంగా 1.4 కి.మీ.’ గేర్ల సైకిల్ ముందుగదిలో దుప్పటి కప్పుకుని కూర్చుంది. కొడుకు వీడియో కాల్ చేసే ఆదివారం మాత్రం దుప్పటి తీసి తుడుస్తారు.

మొన్న పొద్దున టీ కొట్టు ముందు నాలుగు లేడీస్ సైకిళ్ళు వరసగా స్టాండు వేసి ఉన్నాయి. ఒకటి గులాబీ రంగు. నాలుగూ పెళ్ళాలకి కొన్నవే. నాలుగు బుట్టల్లోనూ ఆకుకూరలు. యజమానులు నలుగురూ బెంచీ మీద కూర్చుని, అవును, కూర్చునే, టీ తాగుతున్నారు. కొత్తగా పనిలో చేరిన ఛత్తీస్‌గఢీ కుర్రాడు గ్లాసులందిస్తూ సైకిళ్ళకేసి చూసి హిందీలో అడిగాడు: “బాబూజీ, అమ్మగార్లంతా గుడికెళ్ళారా?”

“ఆఁ” అన్నారు మావయ్యగారు. “వచ్చేదాకా కాపలా ఉన్నాం.”