రాసేది మీరు, అమ్మేది మేము

ఊరికే ఇస్తే వద్దనే అలవాటు మనకే కాదు, అమెరికావాళ్లకూ లేదు. 2012 జనవరిలో ఆపిల్ సంస్థ న్యూయార్క్‌లో సభ పెట్టి, మ్యాక్ ఉన్నవాళ్లందరికీ ‘ఐబుక్స్ ఆథర్’ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమని ప్రకటించింది. రాత, బొమ్మలు, వీడియోలు ఒకచోట పేర్చి ఎవరి పాఠ్యపుస్తకం వాళ్లే తయారు చేసుకోవచ్చు. ఎంత దాతృత్వం!

లైసెన్సులో మాత్రం చిన్న షరతు. దీంతో చేసిన పుస్తకాన్ని ఉచితంగా పంచుకుంటే మీ ఇష్టం. డబ్బు పుచ్చుకుంటే మా దుకాణంలోనే అమ్మాలి. అక్కడ వాళ్ల వాటా నూటికి ముప్పై. దాచారనడానికి లేదు, పాపం. ఒప్పందం మొదట్లోనే పెట్టారు. ‘అంగీకరిస్తున్నాను’ మీద మనం నొక్కే వేగానికి అది కనబడకపోతే వాళ్లేం చేస్తారు?

అసలు రుచి ఇంకాస్త కిందికి దిగితే తెలుస్తుంది. మీ పుస్తకం అమ్మాలో వద్దో వాళ్ల చిత్తం. మీ ఖర్చుకీ, రాకుండాపోయిన లాభానికీ వాళ్లకు పూచీ లేదు. రుబ్బురోలు ఎరువిచ్చిన పొరుగాయన, ‘ఆ పిండితో పోసిన అట్లు మా హోటల్లోనే అమ్మాలి, నాకు నచ్చకపోతే వీధిలో ఊరికే పంచుకో’ అన్నట్టుంది.

మరి కాపీరైటో? అది నిక్షేపంగా రచయితదే, ఆపిల్ వేలైనా పెట్టలేదు. సర్వహక్కులూ ఆయనవే, నచ్చినచోట అమ్ముకునే హక్కు ఒక్కటి తప్ప. మిగతావాటిని పటం కట్టించుకోవచ్చు.

గోల రేగాక ఫిబ్రవరిలో షరతు మార్చారు. కట్టడి ‘.ఐబుక్స్’ ఫైలుకే తప్ప లోపలి విషయానికి కాదట. అంటే అదే రాతనీ అవే బొమ్మల్నీ ఇంకో రూపంలో పెడితే ఎక్కడైనా అమ్ముకోవచ్చు. 2020 జులై నుంచి కొత్తవాళ్లకు ఆ సాఫ్ట్‌వేర్ ఇవ్వడమే మానేశారు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లకు వాడే, షరతులకు పేరుమోసిన జీపీఎల్ లైసెన్సు కూడా ఇంత సాహసం చేయదు. ఆ లైసెన్సున్న ఎడిటర్‌లో నవల రాసుకుంటే నవల జోలికి రాదు. సాఫ్ట్‌వేర్‌ను పంచేవాడితోనే దాని పేచీ.

ఇప్పుడు పద్ధతి మరింత మర్యాదగా ఉంది. మైక్రోసాఫ్ట్ వర్డ్‌కు చందా ఆగినా మీ ఫైలు మీదే, ఎవరూ లాక్కోరు. కంప్యూటర్లోని వర్డ్‌లో తెరిచి తనివితీరా చదువుకోండి, అచ్చు తీసుకోండి. అందులోనే ఒక్క కామా దిద్దాలంటే మాత్రం ముందు చందా కట్టండి.