ఆ ఫోల్డరు పోదన్నా!

జిరాక్సు, ఆన్‌లైన్, డీటీపీ మూడూ ఒకే గదిలో నడిచే అంగడి అవుకులో ఏదైనా సరే, అక్కడి కంప్యూటరు ముందు కాసేపు కూర్చోండి. రాష్ట్ర చరిత్రకు వేరే పుస్తకం అక్కర్లేదు. తెర మీద ‘చంద్రన్న బీమా’ ఉంటుంది. దాని పక్కన ‘అమ్మఒడి 2020’. కింద ‘రైతు భరోసా’, ‘రైతు భరోసా కొత్తది’, ‘తల్లికి వందనం’, ‘అన్నదాత సుఖీభవ’. అవుకు మండలం 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా వదిలి నంద్యాల జిల్లాలో చేరింది. ‘కర్నూలు జిల్లా అర్జీలు’ మాత్రం ఇంకా డి డ్రైవులోనే కాపురం ఉంది. ప్రభుత్వాలు దిగిపోయాయి గానీ ఫోల్డర్లు దిగలేదు. సందుల్లో ‘న్యూ ఫోల్డర్’ సంతానం, ‘ఫైనల్’, ‘ఫైనల్ ఫైనల్’, ‘ఇదే ఫైనల్’.

పోనీ ఒకటైనా తీసేద్దామని డిలీట్ నొక్కితే, ఇది మరో ప్రోగ్రాములో తెరిచి ఉంది, కుదరదు పొమ్మంటుంది కంప్యూటరు. అంగడబ్బాయి తీర్పు వెంటనే వస్తుంది: “ఆ ఫోల్డరు సచ్చినా పోదన్నా. ఫార్మాట్ కొట్టాల్సిందే.”

జలుబుకు తలకాయ తీసేసే వైద్యం ఇదొక్క శాస్త్రంలోనే ఉంది. ఫార్మాట్ కొట్టాక విండోస్ మళ్ళీ వస్తుంది. ఏళ్ళ తరబడి అనూ ఫాంట్లలో కొట్టిన పెళ్ళి పత్రికలు, కరపత్రాలు ఎక్కణ్నుంచి వస్తాయి? పెన్‌డ్రైవులో దాచిన నాలుగైదు వచ్చినా, ఆ ఫాంట్లు మళ్ళీ ఎక్కించకపోతే ‘చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి’ కాస్తా ఇంగ్లీషు అక్షరాలూ కామాలూ కలిసిన గుంపుగా కనిపిస్తుంది.

ఫార్మాట్ వద్దంటే రెండో వైద్యం సిద్ధం. ‘మొండి ఫోల్డర్లు ఉచితంగా తొలగించబడును’ అనే సాఫ్ట్‌వేరును ఊరూ పేరూ లేని చోటి నుంచి దింపుతారు. ఆ ఫోల్డరు పోతుందో పోదో గానీ కొత్త టూల్‌బారు, ఎవరూ అడగని యాంటీవైరసు, రోజంతా రమ్మీ ఆడమని పిలిచే ప్రకటన మాత్రం ఖాయంగా వస్తాయి. ఒక చెత్తను ఊడ్చడానికి మూడు చెత్తలను జీతానికి పెట్టుకోవడమన్న మాట.

ఇంతకీ ఫోల్డరుకు మొండితనం ఏమిటండీ? దాన్ని ఎవరో పట్టుకుని కూర్చున్నారు, అంతే. చాలాసార్లు ఆ ఎవరో మనమే. పొద్దున తెరిచిన పేజ్‌మేకర్ కింద పట్టీలో నక్కి ఉంటుంది. ఫోటో తెరిచిన కిటికీ మూసి ఉండదు. వన్‌డ్రైవ్ దాన్ని మోసుకెళ్తూ సగంలో ఉంటుంది. అన్నీ మూసి, ఒకసారి రీస్టార్ట్ చేస్తే సగం మొండి ఫోల్డర్లు నోరెత్తకుండా పోతాయి. పోకపోతే రిసోర్స్ మానిటర్ తెరిచి, సీపీయూ పేజీలో ‘అసోసియేటెడ్ హ్యాండిల్స్’ దగ్గర ఫోల్డరు పేరు కొట్టండి. పట్టుకున్నవాడి పేరు బయటపడుతుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ళే ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లోని ఫైల్ లాక్‌స్మిత్ కూడా ఈ పనే చేస్తుంది. ఫైలు ఎవరి బల్ల మీద ఆగిందో ఇంత సూటిగా చెప్పే ఆఫీసు మన జిల్లాలో ఇంకోటి ఉంటే చెప్పండి, వెళ్ళి దండం పెట్టి వస్తాను. అప్పటికీ లొంగకపోతే షిఫ్ట్ నొక్కి పట్టి రీస్టార్ట్ చేసి సేఫ్ మోడ్‌లోకి పోవడం. అక్కడ విండోసు తన సొంత మనుషులతో తప్ప లేవదు కాబట్టి పట్టుకునేవాళ్ళు తక్కువ.

‘నీకు అనుమతి లేదు’ అన్నదంటే కథ వేరు. పాత కంప్యూటరు డిస్కు తెచ్చి దీనికి తగిలించారు. కాగితాల్లో యజమాని ఇంకా ఆ పాత కంప్యూటరువాడే. ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్ళి ఓనర్ పేరు మార్చుకోవాలి. భయపడకండి, దీనికి పాసు పుస్తకం, సర్వేయరు, చాయ్ ఖర్చు అక్కర్లేదు. పేరు మరీ పొడవైందని మొరాయించేదీ ఉంది. దారి మొత్తం 260 అక్షరాలు దాటితే విండోసుకు చాలాచోట్ల ఊపిరి ఆడదు. తెలుగులో పేరు పెడితే ఒత్తూ గుణింతమూ విడివిడిగా లెక్కేస్తుంది. ‘స్త్రీ’ మనకు ఒక అక్షరం, దానికి ఆరు. పై ఫోల్డర్ల పేర్లు పొట్టి చేస్తే లోపలిది కదులుతుంది.

అయితే కదలని ప్రతిదీ చెత్త కాదు. విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్ జోలికి పోయి ‘జాగా మిగిల్చాను’ అని మురిసినవాడికి మర్నాడు నల్ల తెర దర్శనమిస్తుంది. అప్‌డేట్ తరవాత వచ్చే ‘విండోస్.ఓల్డ్’తో కుస్తీ అనవసరం. పది రోజులు పోతే అదే పోతుంది, తొందరైతే డిస్క్ క్లీనప్ ఉంది. పెన్‌డ్రైవులో డిలీట్ కొట్టినది రీసైకిల్ బిన్‌కు రాదు, నేరుగా పైకే. కాబట్టి ముందు ఒక నకలు.

సరే, ఇంత యుద్ధం చేసి అవతల పారేసింది దేన్నయ్యా అంటే, లోపల ఏమీ లేని ‘న్యూ ఫోల్డర్ (7)’ని. దానికి రెండు వేళ్ళ పైన ‘డౌన్‌లోడ్స్’ ఉంది. అందులో మండలంలో సగం మంది ఆధార్లు, పాన్ కార్డులు, బ్యాంకు పుస్తకాల మొదటి పేజీలు, ఆడపిల్లల పాస్‌పోర్టు సైజు ఫోటోలు. స్కాన్ చేసిన రోజునే వాటి పని అయిపోయింది. వాటిని ఎవరూ పట్టుకుని లేరు, అనుమతి అడగవు, పేరు పొడుగూ కాదు. ఒక్క నొక్కుకు పోతాయి. వాటి మీదకు మాత్రం ఎవరి వేలూ పోదు. అడిగితే “ఉండనీలేన్నా, మళ్ళీ వస్తే పనికొస్తాది” అంటారు. ఎవరికి పనికొస్తుందో చెప్పరు. పని తీరాక జనం వివరాలు చెరిపేయాలని 2023లో పార్లమెంటు చట్టం చేసింది. ఆ చట్టం కాపీ కూడా బహుశా అదే డౌన్‌లోడ్స్‌లో ఎక్కడో ఉంటుంది.

ఈసారి మీరు జిరాక్సుకు పోయినప్పుడు, నంబరులో చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలే పని అయితే అదే ఇవ్వండి. ప్రింటు చేతికొచ్చాక డబ్బులిచ్చి వచ్చేయకండి. “నాది డిలీట్ కొట్టు నాయనా” అనండి. కొట్టాక రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించండి. వాట్సాప్‌లో పంపి ఉంటే అక్కడా తీయించండి. అతను విసుక్కుంటాడు. విసుక్కోనీయండి, నిలబడి చూసి రండి.