పాపికొండలూ, కాస్త పక్కకు జరగండి!

పూర్వం ఫోటో దిగాలంటే కొండను ఊళ్లోకి తెచ్చేవారు. ఖమ్మం గానివ్వండి, కొత్తగూడెం గానివ్వండి, బజారులో ఏ స్టూడియోకి వెళ్లినా లోపలి గదిలో ఒక తెర వేలాడేది. దాని మీద నీలిరంగు కొండలు, మధ్యలో ఏరు, ఏట్లో పడవ, పైన పున్నమి చంద్రుడు. కొత్త దంపతులు దాని ముందు కుర్చీలు వేసుకుని బిగదీసుకుని కూర్చునేవారు. ఫోటోగ్రాఫరు నవ్వమంటే నవ్వీ నవ్వనట్టు నవ్వేవారు. అయిదు నిమిషాల్లో పని అయిపోయేది. కొండ మీద ప్లాస్టిక్ గ్లాసు పడేది కాదు, ఏట్లో బీరు సీసా తేలేది కాదు.

ఇప్పుడు అభివృద్ధి చెందాం. తెర కోసం మనమే కొండ దగ్గరికి వెళుతున్నాం. శనివారం చీకటితోనే హైదరాబాద్‌లో కారెక్కి, సూర్యాపేట దగ్గర టిఫిన్ చేసి, ఖమ్మం మీదుగా భద్రాచలం అడవికి చేరి, అక్కడి అందాలన్నిటికీ వీపు చూపించి తిరిగొస్తున్నాం. సెల్ఫీ ధర్మమే అది. దేన్ని చూడ్డానికి వెళ్లామో దానివైపు వీపు పెడితే తప్ప ఫోటో రాదు. గుడిలోంచి వచ్చేటప్పుడు స్వామికి వీపు తగలకూడదని నాలుగడుగులు వెనక్కి నడిచే జాతి మనది. ఆ నాలుగడుగులూ అయ్యాక గోపురం ముందు గిర్రున తిరిగి చెయ్యి చాపుతాం. భద్రాచలం రాముడి ఆ గుడి కోసం ఖజానా సొమ్ము ఖర్చుపెట్టి కంచర్ల గోపన్న గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు మగ్గాడంటారు. మనం పన్నెండు సెకన్లలో ముగించి ప్రసాదం లైన్లోకి వెళతాం.

మనవాళ్ల దృష్టికి ఒక లెక్క ఉంది. దారిలో ఖమ్మం ఖిల్లా వస్తుంది. వెయ్యేళ్ల పైబడిన కోట కాబట్టి ఎండలో మెట్లెక్కాలి, వద్దు. లకారం చెరువు తీగల వంతెనకు రాత్రిపూట రంగు దీపాలుంటాయి, మెట్లుండవు, కావాలి. నేలకొండపల్లి బౌద్ధ స్తూపం ఇటుకల గుట్టలా ఉంటుంది, చీర రంగుకు నప్పదు, వద్దు. కిన్నెరసానిలో జింకల పార్కుంది, కావాలి. కొత్తగూడెంలో బొగ్గుంది, పొరపాటున కూడా వద్దు. పాల్వంచ థర్మల్ విద్యుత్ కేంద్రం (కేటీపీఎస్) కూలింగ్ టవర్లు దశాబ్దాలపాటు రోడ్డు పక్కనే నిలబడి ఉన్నాయి, వాటిని పట్టించుకున్న యాత్రికుడు లేడు. 2024 ఆగస్టులో పాతవి ఎనిమిదింటిని పేల్చి కూల్చేసరికి ఆ వీడియో రాష్ట్రమంతా తిరిగింది. నిలబడ్డంత కాలం ఎవరికీ పట్టనిది కూలేటప్పుడు వైరలవుతుంది. ఈ సూత్రం గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

వాజేడు దగ్గరి బొగతను 'తెలంగాణ నయాగరా' అంటే తప్ప మనవాళ్లకు తృప్తి ఉండదు. నయాగరా ఒడ్డునవాళ్లు తమ జలపాతాన్ని 'అమెరికా బొగత' అని చెప్పుకుంటున్నట్టు మాత్రం ఇంతవరకు సమాచారం లేదు.

గోదారికి వరదొస్తే భద్రాచలంలో సీజన్ మొదలైనట్టే. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అధికారులు ఒక్కో హెచ్చరికా జారీ చేసే కొద్దీ ఒడ్డున జనం పెరుగుతారు. 1986లో 75.6 అడుగులు వచ్చినప్పుడు జనం దగ్గర ఫోన్లు లేవు కాబట్టి ప్రాణాలు దక్కించుకోవడం మీద దృష్టి పెట్టగలిగారు. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చేసరికి ఫోన్లున్నాయి. కాలనీలవాళ్లు బియ్యం బస్తాలు మేడ మీదికి ఎక్కిస్తుంటే, చూడవచ్చినవాళ్లు స్టేటస్‌లు ఎక్కించారు. వరద తీశాక ఇళ్లలో మోకాలి లోతు బురద మిగులుతుంది. దాన్ని ఫోటో తీయడానికి ఎవరూ రారు. బురదకు లైకులు రావు.

భద్రాచలం నుంచి పర్ణశాలకు 35 కిలోమీటర్లు. 2014లో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక ఈ దారి చిత్రంగా తయారైంది. ఊరు దాటగానే, జటాయువు పోరాడిన చోటని చెప్పే ఎటపాకతో ఆంధ్ర మొదలవుతుంది, కాసేపటికి మళ్లీ తెలంగాణ వస్తుంది. రాముడు తెలంగాణలో ఉన్నాడు. పురుషోత్తపట్నంలో ఆయన మాన్యం 880 ఎకరాల పైచిలుకు, అదేమో ఆంధ్రలో ఉంది. పక్క పంచాయతీల వాళ్లు తమను తిరిగి కలపమని ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. రావణుడంతటివాడు ఒక్క గీత దాటడానికి జంకాడు. మనం కారు అద్దమైనా దించకుండా రెండు గీతలు దాటి పర్ణశాలలో దిగుతాం.

అక్కడ రామాయణ ఘట్టాలను బొమ్మలుగా పెట్టారు. బంగారు లేడి బొమ్మ దగ్గర రద్దీ ఎక్కువ. సీతమ్మ లేడిని మాత్రమే అడిగింది. మనకు లేడితో సెల్ఫీ కావాలి, అందులో పక్కవాళ్ల పిల్లాడు పడకూడదు, పడితే మళ్లీ తీయాలి. మాయలేడి వెంట పడితే ఏమవుతుందో చెప్పడానికి పెట్టిన బొమ్మ అది. దాని ముందే జనం లైకుల లేడి వెంట పడి, తోడొచ్చిన ముసలాయన్ని ఎండలో నిలబెట్టి మరిచిపోతారు.

ఇక అసలు తెర పాపికొండలు. 1973లో బాపు 'అందాల రాముడు'తో, 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి'తో ఈ గోదారి నీటి దారిని తెరకెక్కించారు. ఆ సినిమాల్లో పడవ మీద మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు, దెబ్బలాడుకుంటారు, ప్రేమించుకుంటారు. ఇప్పుడు లాంచీ మీద ఆ గొడవ లేదు. కొండలు దగ్గరికొచ్చి నది సన్నబడే చోట అందరూ ఒక్కసారి లేచి, ఒకే అంచుకు చేరి, కొండలకు వీపు పెడతారు. సరంగు "బాబూ, అంతా ఒకే పక్కకు రాకండి, కూచోండమ్మా" అని అరుస్తాడు. లైఫ్ జాకెట్ తగిలించుకోమంటే చీర బార్డరు కనపడదన్న అభ్యంతరం వస్తుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగినప్పుడు అందులో 77 మంది ఉన్నారు, ఒడ్డుకు చేరింది 26 మంది. ఆ తర్వాత చాలాకాలం బోట్లు ఆగిపోయాయి. మళ్లీ తిరగడం మొదలయ్యాక జాకెట్లు కొత్తవి వచ్చాయి, అభ్యంతరాలు మాత్రం పాతవే.

పేరంటపల్లిలో బోటు ఆగుతుంది. శివాలయం మెట్ల దగ్గర కొండరెడ్డి ఆడవాళ్లు వెదురుతో చేసిన పూలు, బొమ్మలు పరుచుకుని కూర్చుంటారు. ఒకావిడ వెదురును ఈనెలుగా చీల్చి, ఒక్కో పాయనూ బొటనవేలి గోటితో వంచి రేకులు తీరుస్తుంటుంది. కూలింగ్ గ్లాసుల పెద్దమనిషి వంగి ఒక పువ్వు అందుకుంటాడు.

"ఏమ్మా, ఎంత?"

"యాభై సారూ."

"యాభయ్యా! అడవిలో ఊరికే దొరికే వెదురుకి?"

చెవి పక్కన పువ్వు పెట్టుకుని భార్య చేత ఫోటో తీయించుకుంటాడు. "కొంచెం అటు జరగమ్మా, నీ చెయ్యి పడుతోంది" అంటాడు. ఆవిడ జరుగుతుంది. ఫోటో అయ్యాక పువ్వు మళ్లీ గుట్టలో పడుతుంది. "కొనవా సారూ? ఫోటోకేనా?" అని ఆవిడ అడిగేలోపు ఆయన బోటెక్కి 'గిరిపుత్రుల మధ్య మరపురాని క్షణాలు' అని రాస్తుంటాడు. మనుషులు మరీ అడ్డం పడితే వాళ్లను ఫోటోలోంచి చెరిపేసే సదుపాయం ఫోన్లో ఉంది. వేలితో రుద్దితే చాలు, బుట్టతో సహా మనిషి మాయమై ఆ చోట ఇసుక వస్తుంది.

ఫోన్ చేసే ఆ పని చిన్నది. ఫ్రేము మొత్తాన్ని శుభ్రం చేసే యంత్రం దిగువన పోలవరంలో తయారవుతోంది. అక్కడి డ్యామ్ వెనక 45.72 మీటర్ల మట్టానికి నీళ్లు నిలబెడితే 370కి పైగా ఆవాసాలు, సుమారు లక్ష కుటుంబాలు ఫోటోలోంచి తొలగిపోతాయి. పాపికొండలకేం భయం లేదు, అవి ఎత్తుగానే ఉంటాయి. పాదాల దగ్గర పొగ లేచే ఇళ్లు, మేకల మందలు, తాటిచెట్లు, లంకల్లో పొగాకు, పుచ్చ తోటలు, అంటే ఇంతకాలం కాంపోజిషన్‌కు అడ్డొచ్చినవి మాత్రమే పోతాయి. వేలేరుపాడు, కుక్కునూరు, కూనవరం, వరరామచంద్రాపురం మండలాలవాళ్లకు ఏటా వరదల్లో ఇళ్లు సర్దుకునే రిహార్సల్స్ ఎప్పటినుంచో నడుస్తున్నాయి. దేవీపట్నం వైపు ఊళ్లలోకి కాఫర్ డ్యామ్ వెనక నీళ్లు ఇప్పటికే వచ్చేశాయి. గండి పోచమ్మ గుడి ఏటా మునిగి తేలుతోంది, ఆ వీడియోలు బాగానే తిరుగుతున్నాయి. కూలింగ్ టవర్ల సూత్రం గుర్తుంచుకోమన్నది ఇందుకే.

కాబట్టి ప్రభుత్వాలకు ఒక మనవి. పర్యాటకానికి కోట్లు పెట్టి కొత్త రిసార్టులు, కొత్త సెల్ఫీ పాయింట్లు కట్టక్కర్లేదు. కూకట్‌పల్లిలో ఒక హాలు అద్దెకు తీసుకుని పాపికొండల ఫ్లెక్సీ కట్టండి. ముందు నీటి తొట్టి, తొట్టిలో సగం పడవ, పక్కన బంగారు లేడి, బయట బొంగు చికెన్. ఎవరి వీపుకు కావలసిన కొండ వాళ్లకు దొరుకుతుంది. జాకెట్ల తగాదా ఉండదు, సరంగు గొంతు చించుకోనక్కర్లేదు, పేరంటపల్లిలో ఆవిడ పక్కకు జరగనక్కర్లేదు.

నిర్వాసితుల కాలనీలకు మాత్రం ఫ్లెక్సీ అవసరం రాదు, వాటి ఫోటో ఎవరూ అడగలేదు. ఒకే మాదిరి ఇళ్ల వరసలు, పరిహారం కాగితాలు పట్టుకుని గుమ్మాల్లో కూర్చున్న ముసలివాళ్లు. సెల్ఫీకి అసలు పనికిరాని దృశ్యం, ఎందుకంటే దాన్ని తీయాలంటే ఎదురుగా నిలబడి చూడాలి. ఎదుటివాళ్లను చూపించే కెమెరా ఒకటి ప్రతి ఫోన్‌కూ వెనకవైపు ఉంటుంది. కంపెనీలవాళ్లు దానికి మెగాపిక్సెళ్లు కూడా ఎక్కువే పెట్టారు. వాళ్ల డబ్బు అలా వృథా అయింది పాపం.