హ్యాడ్‌బీన్ మాస్టారు

పలాసలో దొరుకుతారు. టెక్కలిలో దొరుకుతారు. సోంపేటలో, మందసలో, కవిటిలో కూడా దొరుకుతారు. ఉద్దానం వైపు పోతే కొబ్బరితోట పక్కన రేకుల షెడ్డు, గోడకి నల్లరంగు పూసి చేసిన బోర్డు, కింద చాపల మీద గుంటలు. బయట రేకు మీద "ఇచ్చట ఇంగ్లీషు గ్రామరు బోధించబడును" అని రాసి ఉంటుంది. మా జిల్లాలో అలా మాట్లాడే మనిషి ఇంకా పుట్టలేదు. అయినా బోర్డు పాసివ్ వాయిస్‌లో లేకపోతే లోపల ఇంగ్లీషు ఉందని జనానికి నమ్మకం కుదరదు.

మాస్టారి అసలు పేరు ఓటర్ల జాబితాకీ, గ్యాస్ బండ తెచ్చే కుర్రాడికీ తెలుసు. మిగతా ఊరంతటికీ ఆయన హ్యాడ్‌బీన్ మాస్టారు.

ఈ జాతిని గుర్తుపట్టడం కష్టం కాదు. జేబులో రెండు పెన్నులుంటాయి. నీలంది తను రాసుకోడానికి, ఎర్రది ఊరిని దిద్దడానికి. పెళ్లి శుభలేఖ చేతికిస్తే ముహూర్తం చూడరు. ఇంగ్లీషు వైపు తిప్పి, "రిక్వెస్ట్ తర్వాత ఫర్ ఎందుకొచ్చిందయ్యా?" అని పెళ్లికొడుకు తండ్రిని అక్కడే నిలబెట్టి అడుగుతారు. బ్యాంకులో ఫారం నింపమంటే ముందు ఫారంలో తప్పులు దిద్దుతారు. కాశీబుగ్గలో ఒక జీడిపప్పు కొట్టు మీద "సోల్డ్ హియర్" అని ఉండాల్సింది "సోల్డ్ అవుట్ హియర్" అని ఉందని లోపలికి వెళ్లి మరీ కూర్చున్నారు. "కొట్టు నిండా సరుకు పెట్టుకుని అమ్ముడైపోయిందంటావేమయ్యా?" కొట్టాయన తాపీగా, "బేరం నాది కదా మాస్టారూ, బాధ మీరెందుకు పడతన్నారు?" అన్నాడు. మాస్టారు ఆ పూట భోజనం చెయ్యలేదని వినికిడి.

చంకలో అట్ట ఊడిపోయిన రెన్ అండ్ మార్టిన్ ఉంటుంది. 1935లో వచ్చిన ఆ గ్రామరు పుస్తకం మొదట రాసింది ఇండియాలో కాపురమున్న ఇంగ్లీషు అధికారుల పిల్లల కోసమట. ఆ పిల్లలు ఓడెక్కి వెళ్లిపోయారు, పుస్తకం మన పిల్లల మెడకి చుట్టుకుంది. తర్వాత కాలంలో దాన్ని సవరించిన ఎన్.డి.వి. ప్రసాదరావు గారి పేరు చూపించి మాస్టారు మీసం మెలేస్తారు. "పేరు చూశావా? దొర గ్రామరుని దిద్దింది ఎవరో చూశావా?" అంటారు. ఆ రెన్ దొరే 1924లో ఎడారి, ఫ్రెంచి పటాలం, పోయిన రత్నం అంటూ "బో జెస్ట్" అనే నవల రాశాడనీ, దాన్ని సినిమాలుగా తీశారనీ మాస్టారికి చెప్పకండి. గ్రామరు రాసిన చెయ్యి నవల రాస్తుందంటే ఒప్పుకోరు.

ఇక టెన్సుల సంగతి. పదకొండు టెన్సులు ఆయనకి దారిలో తగిలే చిన్న స్టేషన్లు. బండి ఆగదు. సింపుల్ ప్రెజెంట్ ఒక పూట, ఫ్యూచర్లన్నీ కలిపి ఒక పూట. ఆయన దిగేది పాస్ట్ పెర్‌ఫెక్ట్ కంటిన్యువస్‌లో. దిగారంటే నెలాఖరు దాకా కదలరు.

బోర్డు మీద అడ్డంగా ఒక గీత గీస్తారు. దాని మీద రెండు చుక్కలు పెడతారు.

"ఒరే, ఇక్కడ పలాస స్టేషన్‌కి బండి వచ్చింది. ఇది గతం. ఈ వెనక చుక్క దగ్గర నువ్వు ప్లాట్‌ఫారం మీదకి వచ్చావు. ఇది గతానికి గతం. మధ్యలో ఈ గీత పొడుగునా నువ్వేం చేస్తున్నావు?"

"సమోసా తింటున్నాను మాస్టారూ."

"రెండు గంటలు తింటావా?"

"బండి రాకపోతే ఏటి చేస్తాం మాస్టారూ?"

"ఎదురు చూస్తావురా! వెన్ ద ట్రెయిన్ కేమ్, ఐ హ్యాడ్ బీన్ వెయిటింగ్ ఫర్ టూ అవర్స్. హ్యాడ్ వెయిటెడ్ అంటే పని అయిపోయిందంతే. హ్యాడ్ బీన్ వెయిటింగ్ అంటే కాళ్లు పీకుతూ, ఎనౌన్స్‌మెంటు కోసం చెవులు రిక్కించి, పొడుగునా అనుభవించావన్న మాట!"

బండి రెండు గంటలు లేటైతే మామూలు మనిషి రైల్వేని తిడతాడు. మాస్టారు మాత్రం గడియారం చూసి, ఫర్ కిందికి ఎంత వచ్చిందో, సిన్స్ కిందికి ఎంత వచ్చిందో లెక్కవేసుకుంటారు. మొదలైన క్షణం చెప్తే సిన్స్, గడిచిన కాలం చెప్తే ఫర్. ఈ ఒక్క ముక్క కోసం ఆయన సగం జీవితం ఇచ్చేశారు. "సిన్స్ టూ అవర్స్" అన్న పిల్లాణ్ణి కొట్టరు, తిట్టరు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కిటికీలోంచి బయటికి చూస్తారు. కొడితేనే నయమని పిల్లలంటారు.

పుస్తకంలో ఉదాహరణలు చప్పగా ఉంటాయని ఆయన ఫిర్యాదు. ఎవరో జాన్, ఎవరో మేరీ, వాళ్ల తోట, వాళ్ల వాన. అదే మా వైపు చూడండి, ఈ టెన్స్‌కి సరుకు కొదవలేదు. నౌపడా నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి రాజావారు 1900లో వేయించిన చిన్నలైను ఉండేది. తర్వాత గుణుపురం దాకా పెరిగింది. పెద్దలైను వెయ్యడానికని 2004లో ఆ బండి ఆపేశారు. "ఆపేసేనాటికి? ఇట్ హ్యాడ్ బీన్ రన్నింగ్ ఫర్ మోర్ దేన్ ఎ హండ్రెడ్ ఇయర్స్!" అని మాస్టారు బల్ల గుద్దుతారు. వెనక నుంచి ఒక గుంటడు లేచి, "రన్నింగ్ అని ఎలాగంటారు మాస్టారూ? మా తాత దిగి, ముంజులు కొనుక్కుని, నడిచెళ్లి మళ్లీ ఎక్కీవోడంట" అన్నాడు. ఆ గుంటడికి భవిష్యత్తు ఉంది.

మూలపేట పోర్టు ఇంకో మంచి ఉదాహరణ. భావనపాడు పోర్టు అన్న పేరుతో అది మా చెవుల్లో ఏళ్ల తరబడి మోగింది. చివరికి 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. "వి హ్యాడ్ బీన్ హియరింగ్ అబౌట్ ద పోర్ట్" అని రాసి, మాస్టారు కాసేపు ఆలోచనలో పడ్డారు. హియర్‌కి ఐఎన్‌జీ తగిలించడం మామూలుగా ఆయనకి గిట్టదు. "అయినా ఆ పోర్టు గురించి విన్నంత సేపు వింటే తగిలించొచ్చు" అని తీర్పిచ్చి ముందుకు పోయారు. మరి మహేంద్రతనయ మీద ఆఫ్‌షోర్ రిజర్వాయరు సంగతేమిటని ఒకమ్మాయి అడిగింది. "అది హ్యాజ్‌బీన్ అమ్మా. హ్యాడ్‌బీన్ కావాలంటే ముందు పని పూర్తవ్వాలి" అన్నారు. రాజకీయ వ్యాఖ్య చేశానని ఆయనకి తెలీదు. అది కేవలం గ్రామరు.

ప్రేమ దగ్గర మాత్రం కఠినంగా ఉంటారు. తెలియడం, నమ్మడం, ప్రేమించడం పనులు కావట, స్థితులట. స్థితికి ఐఎన్‌జీ లేదు. ఇంటర్ కుర్రాడొకడు, "మరి టీవీలో బర్గరు కంపెనీవాడు ఐయామ్ లవింగ్ ఇట్ అంటున్నాడు మాస్టారూ" అని అడ్డం తిరిగాడు. "అది గ్రామరు కాదురా, ఆకలి" అన్నారు. కుర్రాడు రాసిన ఉత్తరంలో హ్యాడ్ బీన్ లవింగ్ కొట్టేసి హ్యాడ్ లవ్డ్ అని దిద్ది ఇచ్చారు. గ్రామరు కుదిరింది. ప్రేమ అయిపోయిందని అర్థం వచ్చి అమ్మాయి మాట్లాడ్డం మానేసింది.

ఆయన క్లాసులో పుట్టిన మంచి వాక్యం మాత్రం ఆయనది కాదు. పని ఆగిపోయినా దాని గుర్తు మిగిలి ఉంటే ఈ టెన్స్ వాడతారని చెప్పి, ఉదాహరణలు అడిగారు. తల తడిసింది, ఎందుకంటే వాన కురుస్తూ ఉండింది. ఇలాంటివే వస్తున్నాయి. మూలనున్న అమ్మాయి లేచింది. వాళ్లమ్మ జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే పనికి వెళ్తుంది. "హర్ హ్యాండ్స్ వర్ బ్లాక్ బికాజ్ షి హ్యాడ్ బీన్ షెల్లింగ్ క్యాష్యూ" అంది, తడుముకోకుండా. పిక్క తొక్కలోని జీడి చేతికి అంటితే తోలు నల్లబడుతుంది, మంట పెడుతుంది, ఎంత తోమినా ఒక పట్టాన వదలదు. పలాసలో ఈ సంగతి పిల్లలకి విడమర్చి చెప్పక్కర్లేదు. మాస్టారు ఆ వాక్యాన్ని బోర్డు మీద రాసి, వారం దాకా చెరపనివ్వలేదు. రెన్ అండ్ మార్టిన్ మార్జిన్‌లో కూడా రాసుకున్నారు, ఎర్ర పెన్నుతో.

2018 అక్టోబరు 11 తెల్లారగట్ల తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలంలో పల్లిసారథి దగ్గర తీరం దాటింది. ద విండ్ హ్యాడ్ బీన్ బ్లోయింగ్ ఆల్ నైట్ అని చెప్తే అర్థం కాని పిల్లాడు ఉద్దానంలో లేడు. కొడుకుని తీసుకెళ్లడానికి వచ్చిన రైతు ఒకాయన గుమ్మంలో నిలబడి, "మా నాయిన వేసిన సెట్లు మాస్టారూ. ఏళ్లబట్టీ కాత్తన్నాయి, ఒక్క రేత్రిలో పడిపోనాయి. దానికేటంటారు ఇంగిలీసులో?" అన్నాడు. మాస్టారు ది ట్రీస్ హ్యాడ్ బీన్ ఈల్డింగ్ అని మొదలుపెట్టి వాక్యం పూర్తి చెయ్యలేదు. ఒక్క వాక్యం మాత్రం ఆయన బోర్డెక్కనివ్వరు. డయాలసిస్ కేంద్రాలు ఇక్కడికి రాకముందు, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరవకముందు, జబ్బుపడ్డ జనం వైద్యానికి ఎక్కడెక్కడికి తిరుగుతూ ఉండేవారన్నది ఈ టెన్స్‌కి అచ్చంగా అతికే వాక్యం. కానీ ఆ చాపల మీద కూర్చున్న పిల్లల్లో కొందరి ఇళ్లలో అది ఇంకా గతం కాలేదు.

ఆయన శత్రువు ఎదురు సందులో ఉంటాడు. "30 రోజుల్లో స్పోకెన్ ఇంగ్లీషు, గ్రామరు లేకుండా" అని ఫ్లెక్సీ కట్టిన కుర్రాడు. ఇంగ్లీషువాళ్లే ఈ టెన్స్ వాడరని వాడి వాదన. అన్యాయంగా అనలేం. 1999లో వచ్చిన లాంగ్‌మన్ పెద్ద గ్రామరులో లెక్కలు తీశారు. మాటల్లో చూసినా రాతల్లో చూసినా, హ్యాజ్‌బీన్లూ హ్యాడ్‌బీన్లూ అన్నీ కలిపినా, రెండు వందల క్రియాపదాలకి ఒకటి కూడా తగల్లేదు. మాస్టారు ఇది విని చలించలేదు. "వాడరు కాబట్టే కాపాడాలి. తేలినీలాపురంలో పక్షుల్ని కాపాడ్డం లేదూ?" అన్నారు.

ఏటా ఆగస్టు 29న ఆయన గోడ మీది గిడుగు రామమూర్తి పంతులు గారి ఫొటోకి దండ వేస్తారు. పంతులుగారు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడి రాజావారి స్కూల్లో పాఠాలు చెప్పి, సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాసిన మనిషి. పుస్తకాల తెలుగుకీ నోటి తెలుగుకీ ఇంత దూరమేమిటని అడిగిన వాళ్లలో జె.ఎ. యేట్స్ అనే దొర ఒకడు, స్కూళ్ల ఇన్‌స్పెక్టరు. గిడుగు వారు ఆ ప్రశ్న పట్టుకుని చివరిదాకా వదల్లేదు. అంటే మనం మాట్లాడినట్టు రాసుకోవాలన్న పోరుకి ఒక దొర అగ్గిపుల్ల గీశాడు. ఆ దొరల భాషని వాళ్లు మాట్లాడనట్టు నేర్పడం మా మాస్టారి వంతయింది. దండ వేస్తూ ఆయన ఈ తిరకాసు ఆలోచించరు. దండ కింద ఇంగ్లీషులో ఏం రాయాలి, వాజ్ బార్నా, హ్యాడ్ బీన్ బార్నా అన్న దగ్గరే ఉంటారు.

ఈ జాతిలో 1998 డీఎస్సీ వాళ్లది వేరే శాఖ. ఆ ఏడు పరీక్ష గట్టెక్కినా నియామకాలు వివాదాల్లో చిక్కుకున్నాయి. ఉద్యోగం ఇస్తామని ప్రభుత్వం 2022లో అంది. ఇరవై నాలుగేళ్లు. కొందరు వ్యవసాయంలో దిగారు, కొందరు చిన్న వ్యాపారాల్లో, మా మాస్టారు ట్యూషన్లో. కబురు తెచ్చిన వాళ్లు స్వీట్లు తెచ్చారు. ఆయన కుర్చీలోంచి లేచి, వెన్ ద ఆర్డర్ కేమ్, ఐ హ్యాడ్ బీన్ వెయిటింగ్ ఫర్ ట్వెంటీ ఫోర్ ఇయర్స్ అన్నారు. ఒక్క క్షణం ఆగి, "సిన్స్ నైంటీన్ నైంటీ ఎయిట్ అని కూడా అనొచ్చు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన భార్య మాత్రం, "ఇరవై నాలుగేళ్ల కిందట ఇచ్చుంటే ఈ ముక్క చెప్పడానికి వీలుండేది కాదు కదూ!" అంది.

ఇచ్చింది ఎస్జీటీ ఉద్యోగం, అదీ మినిమం టైం స్కేలు మీద. ఎస్జీటీ అంటే ఒకటి నుంచి ఐదు తరగతులు. అక్కడ పాస్ట్ పెర్‌ఫెక్ట్ కంటిన్యువస్ లేదు, పిల్లీ కుక్కా ఉన్నాయి. మాస్టారు కొన్నాళ్లు ఓర్చుకున్నారు. తర్వాత ఒకనాడు రెండో తరగతి గుంటడు లేచి చిటికెన వేలు చూపిస్తూ, మే ఐ గో అనాల్సింది, "సార్, ఐ హ్యాడ్ బీన్ హోల్డింగ్" అన్నాడు. హ్యాడ్ బీన్ అన్నాడంటే ఆపుకోవడం అప్పటికే ముగిసిందన్న మాట. ముగిసింది కూడా. బెంచీ తుడవాల్సి వచ్చింది. వాడికి ఆ ఏడు ఇంగ్లీషులో మొదటి మార్కు వేశారు.

ఉద్యోగం వచ్చాక ప్రైవేటు చెప్పకూడదు గనక ట్యూషను మూసేశారు. రేకు బోర్డు తీసి కోళ్లగూటికి కప్పారు. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని, వచ్చిన వాళ్లకి ఊరికే చెప్తున్నారు. మీ పిల్లల్ని పంపుతానంటే పంపండి. డబ్బు తీసుకోరు, పనసకాయ ఇస్తే కాదనరు. "సిన్స్ టూ ఇయర్స్" అనే అలవాటుంటే మాత్రం ముందు ఇంట్లోనే మాన్పించి పంపండి. పెద్దాయన, తట్టుకోలేరు.