థర్డ్ పార్టీ

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరింట్లో కరెంటు పేచీ వచ్చినా ముందు బాబాయిగారికి కబురు వెళ్తుంది, ఎలక్ట్రీషియన్‌కి తరవాత. నాలుగో అంతస్తులో ఉంటారు. ప్రభుత్వంలో ఎలక్ట్రికల్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. గీజరు ఏది కొనాలి, ఇన్వర్టరు ఎక్కడ పెట్టాలి అన్నీ ఆయన్నే అడుగుతాం. అడక్కపోయినా చెబుతారనుకోండి, అది వేరే సంగతి.

మా అమ్మాయిది హైదరాబాద్ కంపెనీలోనే ఉద్యోగం, పని మాత్రం మా హాల్లోంచి. లాప్‌టాప్‌కో ఛార్జరు, ఫోనుకో ఛార్జరు, చెవుల్లో పెట్టుకునే బడ్స్‌కి ఇంకోటి. ఈ తీగల గొడవ పడలేక అన్నింటికీ కలిపి ఒక్కటే తెప్పించింది. గుప్పిట్లో ఇమిడిపోయేంత. మూడు పోర్టులు, 65 వాట్లు, గోడకి తగిలించడానికి రెండు పిన్నులు. లాప్‌టాప్ చేసిన కంపెనీది కాదు.

మెయింటెనెన్స్ డబ్బులివ్వడానికి వచ్చిన బాబాయిగారి కన్ను దాని మీద పడింది.

"థర్డ్ పార్టీదా?"

"అవును తాతయ్యగారూ."

"లక్ష రూపాయల లాప్‌టాప్‌ని తీసుకెళ్లి ఊరూ పేరూ లేనివాడి చేతిలో పెట్టావన్నమాట. అరవై అయిదు వాట్లు తోసేస్తే లోపల మిగిలేది బూడిదే."

అమ్మాయికి కోపం రాలేదు. ఈ కాలం పిల్లలకి ఓపిక లేదనేవాళ్లు ఆ రోజు మా హాల్లో ఉండాల్సింది. "ఛార్జరు తోయదు తాతయ్యగారూ, లాప్‌టాప్ అడుగుతుంది. పంక్తిలో వడ్డించేవాడి దగ్గర గుండిగ నిండా అన్నమున్నా, మన విస్తట్లో పడేది మనం చాలన్నంతవరకే కదా. తగిలించగానే ముందు వచ్చేది అయిదు వోల్టులే. తరవాత రెండూ మాట్లాడుకుని, తొమ్మిదా, పదిహేనా, ఇరవయ్యా తేల్చుకుంటాయి. నా లాప్‌టాప్ ఇరవై అడుగుతుంది, ఫోను తొమ్మిదితో సరిపెట్టుకుంటుంది."

"మరి ఫోను తగిలించగానే లాప్‌టాప్ ఛార్జింగ్ ఒక్క క్షణం ఆగింది. నేను చూశాను."

"ఆగుతుంది. ఒక్కటే తగిలిస్తే అరవై అయిదూ దానికే. రెండోది వస్తే లాప్‌టాప్‌కి నలభై అయిదు, ఫోనుకి ఇరవై. అలా పంచుతుందని డబ్బామీదే ఉంది. పంపకం మళ్లీ మొదలుపెట్టడానికి ఓ క్షణం ఆపుతుంది. అందుకే వీడియో ఎడిటింగ్‌లాంటి బరువు పనులప్పుడు ఫోను పీకేస్తాను. నలభై అయిదుతో బ్యాటరీ నిండకపోగా తరుగుతుంది."

బాబాయిగారు ఛార్జరు తిప్పి చూశారు. దానిమీద ఐఎస్ఐ తరహాలో గుర్తు, ఐఎస్ 13252 అని, కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే ఎనిమిదంకెల నంబరు. "ఇవి ఎవడైనా అచ్చేసుకోవచ్చు" అన్నారు.

నిజమే, వేసుకోవచ్చు. అమ్మాయి ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ నంబరు కొట్టింది. తయారీదారు పేరు, వస్తువు పవర్ అడాప్టరని, రిజిస్ట్రేషన్ అమల్లో ఉందని వచ్చింది. ఇండియాలో అమ్మే అడాప్టర్లకి ఈ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నంబరు కొట్టి చూడటానికి అర నిమిషం పట్టదు, కానీ కొనేవాళ్లలో ఎంతమంది చూస్తారు?

"ఛార్జరు కంటే కేబుల్‌కే భయపడాలి తాతయ్యగారూ. మూడు ఆంపియర్లు దాటితే లోపల గుర్తింపు చిప్ ఉన్న కేబులే వాడాలి. 65 వాట్లంటే ఇరవై వోల్టుల దగ్గర మూడుంపావు. గూగుల్‌లో బెన్సన్ లియుంగ్ అనే ఇంజనీరు మార్కెట్లో దొరికే టైప్-సి కేబుళ్లు కొని పరీక్షించేవాడు. 2016లో ఒక కేబుల్ తగిలించగానే ఆయన లాప్‌టాప్ పాడైపోయింది. లోపల తీగలు తారుమారుగా అతికించారు. చూడ్డానికి మాత్రం బంగారంలాంటి కేబుల్."

ఇంతా చెప్పి, చివర్లో ఒక మాట జారింది. "ఒక్కటే చిరాకు. ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు లాప్‌టాప్ మీద మణికట్టు ఆనిస్తే జివ్వుమంటోంది."

బాబాయిగారి మొహం వెలిగిపోయింది. "చూశావా! అదీ థర్డ్ పార్టీ మహిమ. ఒరిజినల్‌కి మూడు పిన్నులుంటాయి. పైన లావుపాటిది ఎర్త్. జివ్వుమనే కరెంటు దాంట్లోంచి భూమిలోకి పోతుంది. రెండు పిన్నులదానికి ఆ దారే లేదు."

ఆ ముక్క మటుకు అక్షరాలా నిజం. రెండు పిన్నుల ఛార్జర్లలో వడపోత కెపాసిటర్ల గుండా అవతలికి వచ్చే కరెంటు పావు మిల్లీ ఆంపియరు దాటకూడదని ప్రమాణం. ప్రాణానికేమీ కాదు. కానీ లోహపు ఒంటిమీద చెయ్యి పెడితే చర్మానికి తెలుస్తుంది. అమ్మాయికీ ఇది తెలుసు. అయినా పెద్దాయన అంతగా చెబుతున్నారు కదా అని లాప్‌టాప్ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లి మూడు పిన్నుల ఒరిజినల్ తెచ్చాం. ధర చెప్పను, నాకింకా మింగుడుపడలేదు.

తగిలించాం. జివ్వుమంది.

బాబాయిగారు దిగి వచ్చారు. "నీకు అంటగట్టింది నకిలీ" అన్నారు. నంబరు కొట్టి చూస్తే అదీ సరైనదే. "పోనీ మా ఇంట్లో చూద్దాం పదండి" అని పైకి తీసుకెళ్లారు. ఆయన హాల్లో అదే ఛార్జరు, అదే లాప్‌టాప్, అదే మణికట్టు. చడీ చప్పుడూ లేదు.

"ఇంకేం, బాగానే ఉందిగా. మీ ఇంట్లో ఆ థర్డ్ పార్టీది వాడీ వాడీ ప్లగ్గు పాయింటు పాడైనట్టుంది. పాయింటు మార్చి చూసుకోండి" అన్నారు.

పాయింట్లన్నీ మార్చి చూశాం. అన్నింట్లోనూ జివ్వే. వాషింగ్ మెషిన్ ముట్టుకున్నప్పుడల్లా తనకీ అలాగే ఉంటుందని, చలికాలం వల్ల అనుకున్నానని అప్పుడు చెప్పింది మా ఆవిడ. ఎలక్ట్రీషియన్‌ని పిలుస్తానంటే బాబాయిగారు ఒప్పుకోలేదు. "పాత వైరింగ్ అది. బోర్డులు విప్పి కెలికితే లేని రోగాలొస్తాయి. నా మాట విని ఆ ఛార్జరు బయట పడెయ్" అన్నారు. ఆయన అంతగా బతిమాలడం నేనెప్పుడూ చూడలేదు. మా మీద అభిమానం అనుకున్నాను.

అయినా పిలిచాను. ఆ ఏడు అసోసియేషన్ సెక్రటరీని నేనే. ఒంటిమీద కరెంటు తెలుస్తోందంటే ఛార్జరు దగ్గరే ఆగిపోవడం నాకు నచ్చలేదు.

ఎలక్ట్రీషియన్ కుర్రాడు టెస్ట్ ల్యాంపు తెచ్చాడు. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య పెడితే బల్బు వెలిగింది. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య పెడితే వెలగలేదు. పక్క ఫ్లాటులో వెలగలేదు. కింద ఫ్లాటులో వెలగలేదు. బోర్డు విప్పితే పచ్చ తీగ బుద్ధిగా బిగించే ఉంది. దాన్ని పట్టుకుని సెల్లారులో ప్యానెల్ దాకా దిగాడు. పచ్చ తీగలన్నీ అక్కడొక రాగి పట్టీకి చేరాయి. ఆ పట్టీ గోడ పక్కనున్న సిమెంటు మూత కిందికి పోయింది. 'ఎర్త్ పిట్' అని ఎర్ర రంగుతో రాసిన మూత. గునపంతో లేపి చూశాడు.

గొయ్యి లేదు, గొట్టం లేదు, బొగ్గూ ఉప్పూ లేవు. పట్టీ మట్టిలోకి జానెడు దిగి ఆగిపోయింది.

"సార్, ఈ బిల్డింగ్ మొత్తానికీ ఎర్త్ లేదు" అన్నాడు. "ఇన్నాళ్లు ఎవరికీ ఏం కాలేదంటే మీ అదృష్టం. ఛార్జరుదేం తప్పు లేదు. గీజరు లీకై ఉంటే ఈపాటికి మనిషే పోయేవాడు."

లేచి చేతులు దులుపుకుంటూ మొక్కల మధ్య ఇంకేదో చూశాడు. మందారం వెనక చిన్న గొయ్యి, పక్కాగా కట్టిన అంచు, నీళ్లు పోసే గరాటు. అందులోంచి బొటనవేలంత లావు పచ్చ తీగ బయల్దేరి, పైపుల సందులోంచి పైకి పాకింది.

"ఇది మాత్రం ఫస్ట్ క్లాస్ పని సార్. ఎవరో బాగా తెలిసినవాళ్లు విడిగా వేయించుకున్నారు. పైన ఒక్క ఫ్లాటుకే పోతోంది."

టెస్ట్ ల్యాంపు పట్టుకుని అంతస్తు అంతస్తూ ఎక్కాం. నాలుగో అంతస్తులో, బాబాయిగారి బోర్డులో, బల్బు ధగధగా వెలిగింది. ఆయన గుళ్లో ఉన్నారని పిన్నిగారు చెప్పారు.

ఆ సాయంత్రం కొత్త ఎర్త్ పిట్లు వేయించడానికి పాత కాగితాలేమైనా కావాలేమోనని అసోసియేషన్ బీరువా తీశాను. బిల్డరు అప్పగించిన ఫైల్లో విద్యుత్ భద్రతా తనిఖీ పత్రం ఉంది. 'భవనమంతటా ఎర్తింగ్ స్వయంగా పరిశీలించితిని, సంతృప్తికరముగా నున్నది' అని రాసి ఉంది. తేదీ చూస్తే, బాబాయిగారు ఇక్కడ ఫ్లాటు కొన్న నెలే. కింద ఆఫీసు ముద్ర, హోదా, సంతకం.

సంతకం బాబాయిగారిది.