కవరు విప్పేదాకా

ఒరేయ్ అబ్బాయిలూ, మీకు పార్టీలో సరిగ్గా తగువు పెట్టుకోవడం కూడా చేతకావడం లేదు. కోప్పడకండి, ఉన్న మాటే అంటున్నాను. పీసీసీకి కొత్త అధ్యక్షుడు కావాలన్నా, శాసనసభాపక్షానికి నాయకుడు కావాలన్నా పొద్దున టీవీలో నాలుగు పేర్లు తిరుగుతాయి, మధ్యాహ్నానికి రెండు మిగులుతాయి, సాయంత్రానికి ఢిల్లీ నుంచి ఓ కాగితం వస్తుంది, అది వచ్చిన పావుగంటకే పదవి రాని పెద్దమనిషి సెల్‌ఫోన్‌లో పార్టీని దుమ్మెత్తిపోస్తాడు. అయిపోయింది. పప్పు వడ్డించీ వడ్డించకముందే విస్తరి ఎత్తేసినట్టు! మా రోజుల్లో ఒకాయన్ని దించి ఇంకొకాయన్ని ఎక్కించాలంటే నెలలు పట్టేది. ఆ నెలలన్నీ జిల్లాల్లో మాలాంటివాళ్లకు పండగే.

నేనేమీ నాయకుణ్ణి కాను లెండి. మా ఎమ్మెల్యేగారి వెనకాల సంచీ పట్టుకుని నడిచినవాణ్ణి. ఆ సంచీలో ఆయన గంజి పెట్టిన ఖద్దరు, బీపీ మాత్రలు, ఢిల్లీలో ఎవరికో ఇవ్వాల్సిన ఆవకాయ జాడీ ఉండేవి. ఆ జాడీ ఎవరికి చేరుతోందో కనిపెడితే చాలు, మా ఆయన ఈ నెలలో ఏ వర్గమో తెలిసిపోయేది. ఇప్పుడు మీకు సర్వేలు కావాలి, విశ్లేషకులు కావాలి.

1976లో ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్ వేశాక ఢిల్లీ మాకు బాగా దగ్గరైంది. దగ్గరంటే, రాత్రంతా కూర్చోవాలనుకోండి. కానీ అదే కదా సుఖం! ముఖ్యమంత్రి చెన్నారెడ్డిగారిని ఉంచమని అడగబోయేవాళ్లూ, దించమని అడగబోయేవాళ్లూ ఒకే బోగీలో ఎక్కేవారు. కాజీపేట దాకా మొహాలు చూసుకునేవారు కాదు. బల్హార్షాలో భోజనాల దగ్గర ఒకరి పచ్చడి ఒకరు అడిగేవారు. నాగపూరులో బత్తాయిలు కొన్నాక పేకముక్కలు బయటికొచ్చేవి. ఝాన్సీ దాటేసరికి ఎవరికి ఏ శాఖ రావాలో కూడా పంచేసుకునేవారు. మళ్లీ ఢిల్లీలో దిగగానే ఎవరి టాక్సీ వారిదే, అది వేరే సంగతి. ఇప్పుడు విమానంలో రెండు గంటల్లో దింపేస్తున్నారు. రెండు గంటల్లో ఎవడు ఎవడితో రాజీపడతాడు? పైగా చెవుల్లో ఆ బిరడాలొకటి.

ఇక కవరు సంగతి. మీరు ‘సీల్డ్ కవర్ ముఖ్యమంత్రి’ అని ఎగతాళి చేస్తారు గానీ, ఆ కవరుకు ఓ మర్యాద ఉండేది. ఢిల్లీ నుంచి పరిశీలకులు వచ్చేవారు. ఎమ్మెల్యేలను ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి ‘మీ అభిప్రాయం ఏమిటి’ అని అడిగేవారు. ‘ఇందిరమ్మ ఎవరిని పెడితే వారే’ అని ప్రతివాడూ చెప్పి బయటికొచ్చి, లోపల ఏదో పెద్ద రహస్యం చెప్పొచ్చినవాడిలా మీసం సర్దుకునేవాడు. అందరూ అదే చెప్పారని అందరికీ తెలుసు. అయినా ఎవడూ బయటపడేవాడు కాదు, అదీ క్రమశిక్షణంటే! తరవాత అందరూ కలిసి ఏకవాక్య తీర్మానం చేసేవారు. బయట చెట్టుకింద మేం టీలు తాగుతూ కవరులో ఎవరి పేరుంటుందోనని పందేలు వేసుకునేవాళ్లం. 1980 అక్టోబరులో చెన్నారెడ్డిగారు దిగిపోయినప్పుడు నేను కాసిన పేరు ఎటు పోయిందో తెలియదు, కేంద్రంలో మంత్రిగా ఉన్న అంజయ్యగారు వచ్చి కూర్చున్నారు. ఎవరినీ నొప్పించలేని మనిషాయన. వర్గాలన్నిటినీ సంతోషపెట్టబోయి 60 మంది దాకా మంత్రుల్ని చేశారు. మా చెట్టుకింద బ్యాచిలో మంత్రి కానివాడెవడని వెతుక్కోవలసి వచ్చింది.

కవరు మహత్యం ఏమిటంటే, అది మళ్లీ మళ్లీ వచ్చేది. 1982 ఫిబ్రవరిలో రాజీవ్‌గాంధీ బేగంపేటలో దిగి, తన కోసం చేసిన హంగామా చూసి అంజయ్యగారిని అందరి ఎదుటా కసురుకున్నారు. ఆ నెల గడవకముందే భవనం వెంకట్రామిరెడ్డిగారు ముఖ్యమంత్రి. సెప్టెంబరుకల్లా కోట్ల విజయభాస్కరరెడ్డిగారు. అంటే ఆ ఒక్క అయిదేళ్లలో నలుగురు. మా ఎమ్మెల్యేగారి హాల్లో ముఖ్యమంత్రి ఫొటో పెట్టే మేకు వదులైపోయింది. మీ కాలంలో ఇంత విశేషం ఉందా, చెప్పండి?

మా మనవడు వెంటనే అందుకుంటాడు. ‘తాతా, ఆ విశేషం వల్లే కదా 1982 మార్చి 29న పార్టీ పెట్టిన ఎన్టీఆర్ 1983 జనవరి 9న ముఖ్యమంత్రి అయింది! మీ పార్టీకి 60 సీట్లే మిగిలాయి!’ వాడికి ఈ తేదీలన్నీ ఫోను చెబుతుంది. నిజమే, మిగిలింది అరవయ్యే. మంత్రివర్గం ఎంత ఉండేదో ఎమ్మెల్యేలూ అంతే అయ్యారు. కానీ వాడితో ఆ మాట ఒప్పుకుంటే ఇంట్లో నాకేం గౌరవం మిగులుతుంది? ‘నువ్వు అన్నం తిన్నావురా?’ అని మాట మార్చేశాను.

చీలికలు కూడా మా రోజుల్లో నిండుగా ఉండేవి. 1978 జనవరిలో కాంగ్రెస్ రెండు ముక్కలైంది. అటు కాసు బ్రహ్మానందరెడ్డిగారి కాంగ్రెస్, ముఖ్యమంత్రి వెంగళరావుగారు అటే. ఇటు ఇందిరమ్మ కాంగ్రెస్, చెన్నారెడ్డిగారు. ఆవూదూడ గుర్తు పోయి చెయ్యి గుర్తొచ్చింది. ఒకే ఇంట్లో అన్న అటూ తమ్ముడు ఇటూ, మధ్యలో వంట చేసే వదిన ఎటో ఎవరికీ తెలియదు. ఎవడు ఎటు ఉన్నాడో గుండెమీద చెయ్యేసుకుని చెప్పేవాడు. ఇప్పుడో? పొద్దున ఒక కండువా, సాయంత్రం ఇంకొకటి. మా ఎమ్మెల్యేగారు అటువైపు గెలిచి కొన్నాళ్లకు ఇటువైపు వచ్చారంటే అది గోడ దూకడం కాదు. ఆయన మాటల్లోనే చెప్పాలంటే ‘మాతృసంస్థకు పునరాగమనం’. ఆ సంస్కృతమైనా నేర్చుకోండ్రా.

ఇంతకూ నాకంటే మా నాన్న ఇంకా గొణిగేవాడు. ఆయనకు మా కవరు కాలమే నచ్చలేదు. 1951లో ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి రంగాగారూ సంజీవరెడ్డిగారూ ఎదురెదురు నిలబడ్డారు. ఓట్లు వేశారు, లెక్కపెట్టారు, సంజీవరెడ్డిగారు గెలిచారు. నాయకుణ్ణి ఎన్నుకోవడమంటే అదిరా అనేవాడు మా నాన్న. తరవాతేమైందని అడిగితే మాత్రం తుండుగుడ్డ దులుపుకుని లేచిపోయేవాడు. తరవాత రంగాగారు బయటికెళ్లి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. ప్రకాశం పంతులుగారు అప్పటికే వేరే దారి. 1952 ఎన్నికల్లో అంత పోరాడి గెలిచిన సంజీవరెడ్డిగారే అనంతపురంలో స్వయానా బావమరిది, కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డిగారి చేతిలో ఓడిపోయారు. ఓట్లు పెట్టుకున్నా పార్టీ చీలింది, కవరు పెట్టుకున్నా పార్టీ ఓడింది. అయినా కవరే మేలని నా పట్టు. ఓటేస్తే ఎవడు ఎవడికి వేశాడో తెలిసిపోయి శత్రుత్వాలు ముదురుతాయి. కవరైతే అందరూ కలిసి ఢిల్లీని తిట్టుకోవచ్చు. దీనికి మించిన ఐకమత్యం ఆ పార్టీలో నేను చూడలేదు.

అలగడం కూడా మరిచిపోయారు మీ నాయకులు. మా రోజుల్లో పదవి రాని పెద్దమనిషి ఒక్క మాట మాట్లాడకుండా ఊరికెళ్లిపోయేవాడు. పొలం గట్టుమీద మంచం వేసుకుని పడుకునేవాడు. ‘ఒంట్లో బాగాలేదు’ అని కబురొచ్చేది. రాష్ట్రమంతా అర్థమయ్యేది. పది రోజులకు ఎవరో పెద్దాయన కారేసుకుని వెళ్లి, మజ్జిగ తాగి, కార్పొరేషన్ ఒకటి ఇప్పిస్తానని మాటిచ్చి లేపుకొచ్చేవాడు. 2021లో రేవంత్‌రెడ్డిని తెలంగాణ పీసీసీ అధ్యక్షుణ్ణి చేస్తే కోమటిరెడ్డి వెంకటరెడ్డిగారు గాంధీభవన్ మెట్లెక్కనని మైకుల ముందే చెప్పేశారు. 2023 డిసెంబరు 7న అదే రేవంత్ మంత్రివర్గంలో ప్రమాణం చేశారు. అంతా పైకే! మంచం లేదు, మజ్జిగ లేదు. ఆ డిసెంబరులోనూ గచ్చిబౌలి హోటల్లో చేసింది మా పాత ఏకవాక్య తీర్మానమే, నిర్ణయం ఖర్గేగారికి వదిలేస్తూ. హోటల్ ఏసీ చల్లదనం తప్ప కొత్తదేముంది? బీజేపీవాళ్లు 2025 జులైలో రామచందర్‌రావుగారిని అధ్యక్షుణ్ణి చేసినప్పుడు నామినేషన్ ఒక్కటే పడింది. మా విద్యను అందరూ నేర్చుకున్నారన్నమాట, మా నిదానం మాత్రం ఎవడికీ అబ్బలేదు.

ఇక ఇటు ఆంధ్రలో కాంగ్రెస్ సంగతి చెప్పకండి. 2014 నుంచి మూడుసార్లూ సున్నా. షర్మిలమ్మ అధ్యక్షురాలిగా వచ్చింది 2024 జనవరిలో. రెండు ముఠాలు కట్టుకుని కొట్టుకుందామన్నా మనుషులు చాలని పార్టీకి నాయకత్వం అంటే పాపం, ఆమెను చూస్తే జాలేస్తుంది.

అన్నిటికంటే నాకు వెగటు పుట్టించేది ఈ ఫోన్లలో అడిగే పద్ధతి. మొన్న మధ్యాహ్నం కునుకు పడుతుండగా మోగింది. ఏదో పార్టీ తరఫునట, ఎవరు నాయకుడిగా ఉండాలో చెప్పమని ఒక ఆడగొంతు అడిగింది. ఇన్నేళ్లు సంచీ మోశాను, మా ఎమ్మెల్యేగారు గానీ, గదిలో కూర్చున్న ఆ పరిశీలకులు గానీ ఒక్కసారైనా నన్నీ ప్రశ్న అడగలేదు. లేచి కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, గొంతు సవరించుకుని, ‘చూడమ్మా, అసలు 1951లో ఏం జరిగిందంటే...’ అని మొదలుపెట్టాను. అది నా మాట వినకుండా ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని తన పాట తను పాడుకుని, నేను రంగాగారి దగ్గరికి వచ్చేలోపే పెట్టేసింది.