దిండు కాదు మహాప్రభో!

మొయినాబాద్ మండలం చిలుకూరు బాలాజీ గుడికి కొత్త కారొస్తే టైర్ల కింద నిమ్మకాయలు, బానెట్‌పై దండ. వీసా కావాలంటే 11 ప్రదక్షిణలు, వచ్చాక 108! సీటు మీది హెడ్‌రెస్ట్ మీట మాత్రం ఒక్కసారీ నొక్కరు. షోరూం పాలిథిన్ కవరుతోనే హెడ్‌రెస్ట్ భుజాల దగ్గర కునుకుతుంటుంది. చేవెళ్ల దారిలో వెనక బండి గుద్దిందా, తల వెనక్కి విరగకుండా ఆపేది అదే. అమెరికా 1969లోనే ముందు సీట్లకు తప్పనిసరి చేసింది. మనమేమో దానికి మెత్తటి దిండు కట్టి, మెడను ముందుకు నెట్టి, సుఖమనుకుంటాం. హెడ్‌రెస్ట్ పైఅంచు నడినెత్తి ఎత్తున, తల వెనక సందు రెండంగుళాల లోపు ఉండాలి. బండి తీసేముందు ఆ మీట నొక్కి పైకి లాగండి సారూ.